సావనదుర్గ ఎక్కబోయే మేనల్లుడికి

విజయనగర్, బెంగళూరు
కార్తీక మాసం

చిరంజీవి ప్రణీత్‌ను అత్త ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

నువ్వు పంపిన పట్టిక చూశాను నాయనా. నంది, స్కందగిరి, మాకళిదుర్గ, శివగంగె, దేవరాయనదుర్గ, మధుగిరి. ఆదివారానికో కొండ చొప్పున సంక్రాంతిలోపు అన్నీ అయిపోవాలని నీ లెక్క. ఏది ముందు, ఏది వెనక అని నన్నడిగావు. నా మాట వింటే అవన్నీ కొట్టేసి, అందులో లేని సావనదుర్గ ఒక్కటి రాసుకో. ఇప్పట్నుంచి పండగ దాకా వీలైన ప్రతి ఆదివారం అదే ఎక్కు.

ఎందుకో చెప్తాను. ఒక్కసారికని కొండకు పోయినవాడికి పైకి చేరాలన్న యావ తప్ప ఇంకోటి ఉండదు. తెల్లారకముందే లేచాం, బండికి పెట్రోలు పోయించాం, టికెట్టుకు డబ్బు కట్టాం, మళ్లీ ఎప్పుడొస్తామో ఏమో అని తడిబండ మీద కూడా కాలు పెడతాడు. వచ్చే వారం మళ్లీ వచ్చేవాడికి ఆ తొందర లేదు. సగంలో బండ తడిగా కనిపించిందా, దిగొచ్చి తట్టె ఇడ్లీ తిని ఇంటికి పోతాడు. వాడికి పోయిందేమీ లేదు, కొండ ఎక్కడికీ పోదు కదా. నేను చూసినంతలో ఈ చిన్న కొండల మీద దెబ్బలు తగిలించుకునేది చేతకానివాళ్లు కాదు, వెనక్కి తిరగడానికి మనసొప్పనివాళ్లు.

మరి సావనదుర్గే ఎందుకంటావా? ఒక కారణం నా స్వార్థం, అక్కడికి పోయే మాగడి రోడ్డు మా ఇంటి పక్కనే. రెండోది, నంది మీదికి కారే పోతుంది, శివగంగెకు మెట్లున్నాయి, పట్టుకోడానికి కమ్మీలున్నాయి. సావనదుర్గ వట్టి బండ. ఆసియాలోని అతిపెద్ద ఏకశిలల్లో ఒకటని చెప్పుకుంటారు. ఎత్తు 1226 మీటర్లు. బెంగళూరే 900 మీటర్ల పైన ఉంది కాబట్టి ఆ అంకె చూసి బెదరక్కర్లేదు. మోకాళ్లు నొప్పి పెట్టేలోపే పైకి చేరతావు, కానీ అడుగడుగూ చూసుకుని వెయ్యాల్సిందే. నేర్చుకోడానికి అలాంటిదే కావాలి.

కొండకు రెండు తలలున్నాయి, కరిగుడ్డ, బిళిగుడ్డ. జనం ఎక్కేది కరిగుడ్డ. వీరభద్రస్వామి గుడి దగ్గర మొదలవుతుంది, పైన నంది మంటపం దాకా బండ మీద బాణం గుర్తులు వేసి ఉంటాయి. బిళిగుడ్డ వైపు దారి సరిగా లేదు, ఆ జోలికి పోకు. తాళ్లు కట్టుకుని నిట్టనిలువు బండలెక్కేవాళ్లు కూడా ఈ కొండకు వస్తుంటారు. వాళ్లను చూసి ఉషారుపడి వాళ్ల వైపు మళ్లకు, అది వేరే విద్య.

బయలుదేరే ముందు రోజు అటవీశాఖ వెబ్‌సైట్ చూడు, దారి తెరిచారో లేదో, టికెట్లున్నాయో లేదో. ఇప్పుడు మన చుట్టుపక్కల చాలా కొండలకు ముందే టికెట్ తీసుకోవాలి. రాత్రిపూట ఎక్కనివ్వరు. అది మంచిదే. ఆ అడవిలో చిరుతలున్నాయి, ఎలుగుబంట్లున్నాయి. వాటి వేళలు వాటికి వదిలెయ్యి. నవంబరు చివర్లో ఇక్కడ ఆరుంబావు దాటాకే పొద్దు పొడుస్తుంది, సాయంత్రం ఆరుకు ముందే కుంకుతుంది. ఫోన్లో టార్చి ఉందిలే అనుకోకు.

ఇక కాలం సంగతి. వేసవిలో ఆ బండ మీద దోసె పోసుకోవచ్చు. వానాకాలం నాలుగు నెలలూ పాకుడు. కాబట్టి కార్తీకం చివర నుంచి పుష్యం దాకానే మనకు వీలు. ఆకాశం కడిగినట్టుంటుంది, గాలి చల్లగా ఉంటుంది, గడ్డి పచ్చదనం పోయి రాగిరంగుకు తిరుగుతుంటుంది. అందరూ ఇక్కడే మోసపోతారు. వాన పోయిందనుకుంటారు. మనకు నైరుతి పోతే ఈశాన్యం ఉంది కదా. నెల్లూరుకో, చెన్నైకో అటు బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే ఇక్కడ రెండు రోజులు ముసురు. మూడో రోజు ఆదివారం, ఫెళ్లున ఎండ కాస్తుంది. బండ ఆరిపోయి ఉంటుందిలే అని బయలుదేరతారు.

ఆరదు. బండ మీద అక్కడక్కడా గుంటల్లో మన్ను, ఆ మన్నులో గడ్డి దుబ్బులు ఉంటాయి. అవి తాగిన నీళ్లను తర్వాత రోజుల తరబడి సన్నగా వదులుతూనే ఉంటాయి. ఆ నీళ్లు పారే దారులు బండ మీద నల్లటి చారలుగా కనపడతాయి. ఎండిన నల్ల చారకు పట్టు ఉంటుంది. తడిసిన నల్ల చార మీద పాకుడు లేస్తుంది, దాని మీద ఎంత ఖరీదు పెట్టి కొన్న బూటైనా నిలవదు. చార కనపడగానే దాని మొదలు ఎక్కడుందో పైకి చూడు. గడ్డి దుబ్బు ఉంటే తడి ఇంకా వస్తోందనే లెక్క. చార వెడల్పు రెండడుగులైనా సరే, ఒక్క అంగలో దాటేద్దామనుకోకు. పక్క నుంచి చుట్టు తిరిగి పోయే వీలుంటే పో, లేకపోతే ఆ రోజుకు అక్కడే చాలించు.

తెల్లవారుజాము మంచు ఇంకో సంగతి. అది కంటికి కనపడదు. అరచెయ్యి బండకు ఆనించి చూడు. చల్లగా ఉన్నా పొడిగా ఉంటే పోవచ్చు. చేతికి చెమ్మ అంటితే కూర్చో, ఎండ పడనీ. తూర్పు ముఖం ముందు ఆరుతుంది, పడమటి వైపు నీడలో ఉన్న బండ ఇంకో గంట తీసుకుంటుంది. నాకు ఇంకో కొండగుర్తు కూడా ఉంది. రాతితొండలు బయటికొచ్చి బండ మీద తలలాడిస్తూ ఎండ కాగుతున్నాయంటే బండ వేడెక్కిందన్నమాట. అప్పుడు లేస్తాను.

ఏటవాలు మొదలయ్యే చోట జానెడు ఎత్తున ఒక కాలు పెట్టి, ఒంటి బరువంతా దాని మీద వేసి చూడు. అక్కడ జారితే నవ్వుకుంటావు, అంతే. పైన జారితే నవ్వేది ఉండదు.

ఎక్కే పద్ధతి గురించి మీ స్నేహితులు వీడియోలు చూసి ఏమేం చెప్తారో నాకు తెలీదు. నేను చెప్పేది ఇది. బండను కరుచుకోవద్దు. భయమేసినప్పుడు ఒళ్లు దానంతటదే ముందుకు వాలుతుంది, చేతులు బండను పట్టుకోవాలని చూస్తాయి. అలా వాలితే బరువు పాదాల మీంచి తప్పుతుంది, కాలు వెనక్కి జారుతుంది. నడుము పాదాలకు సరిగ్గా పైన ఉండాలి. మడమ కొంచెం కిందికి దించు, అడుగుభాగం ఎంత ఎక్కువ తగిలితే అంత పట్టు. అడుగులు చిన్నవిగా వెయ్యి. చేతులు ఊరికే తోడుగా ఉంటే చాలు. మరీ వాలుగా ఉన్న చోట నిటారుగా పోకుండా పాములా వంకర్లు తిరుగుతూ పో, పిక్కలకు కూడా సుఖం.

ఒకసారి ఆగి బండను దగ్గరగా చూడు. ఆ మాగడి, రామనగర వరసలో రాళ్లను క్లోజ్‌పేట గ్రానైట్ అంటారు. రామనగర పాత పేరే క్లోజ్‌పేట. రమారమి 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. అందులో ఫెల్డ్‌స్పార్ అనే గులాబి రంగు ఖనిజం గింజలు పెద్దపెద్దవి, వాటి సందుల్లో పలుగురాయి రవ్వలు, నల్లటి అభ్రకం చుక్కలు. గింజ చుట్టూ ఉన్న రాయి ముందు అరిగిపోయి, గింజ బొడిపెలా పైకి తేలి ఉంటుంది. పాదం పెట్టాల్సింది ఆ బొడిపెల మీద. బాణం గుర్తులున్న దారిలోనే జనం నడిచి నడిచి బొడిపెలన్నీ అరిగి, బండ కొన్నిచోట్ల నున్నగా మెరుస్తూ ఉంటుంది. గుర్తులు చూస్తూ పో, కానీ కాలు మాత్రం మెరిసే చోట కాకుండా ఒక అడుగు పక్కకు వెయ్యి, అక్కడ రాయి ఇంకా గరుకుగా ఉంటుంది. అలాగే వాన కొట్టుకొచ్చిన గింజ ఇసుక వాలు మీద పల్చగా పరుచుకుని ఉంటుంది. దాన్ని బూటుతో పక్కకు తుడిచి మరీ నిలబడు.

ఇంకొకటి. బండ పైపొర అక్కడక్కడా పాతగోడకు సున్నం పొక్కినట్టు లేచి ఉంటుంది. పిడికిలితో తట్టు, డొల్లగా మోగుతుంది. దాని మీద నిలబడకు. ముఖ్యంగా దాని అంచు పట్టుకుని పైకి లాక్కోకు.

బూట్ల మీద ఎక్కువ డబ్బు పోయకు. అడుగు మెత్తటి రబ్బరై, పాదంతో పాటు వంగాలి. గట్టి ప్లాస్టిక్ అడుగు, లోతు లోతు గాడులు ఉన్నవి మట్టిదారికి బాగుంటాయి, బండ మీద కాదు. చేతికర్రలు ఇంట్లోనే పెట్టు, బండ మీద అవి అడ్డం. సంచి రెండు భుజాలకూ తగిలించుకునేదై ఉండాలి.

కొండకు పోకముందు రెండు మూడు సాయంత్రాలు లాల్‌బాగ్‌కు పో. కెంపేగౌడ కట్టించిన గోపురం ఉన్న బండ ఉంది కదా, అది ఇంకా పాత రాయి, 300 కోట్ల ఏళ్లదని అంటారు. జనం దాని మీద కూర్చుని చెనక్కాయలు తింటుంటారు. నువ్వు మాత్రం దాని మీద దిగడం నేర్చుకో. ఎక్కడం కాదు, దిగడం. వాలు కింది వైపుకు ముఖం పెట్టి, మోకాళ్లు కొంచెం వంచి, పూర్తి పాదం ఆనించి మెల్లగా. చూసేవాళ్లు నవ్వితే నవ్వనీ.

ఎందుకంటే సావనదుర్గలో అసలు కష్టం దిగేటప్పుడు. ఆ బండ వంపు తిరిగి ఉంటుంది. పైనుంచి చూస్తే నీ ముందు పది బారలు సాఫీగా కనపడతాయి, ఆ తర్వాత బండ ఎంత నిట్టగా కిందికి పడిందో వంపు దాచేస్తుంది. పైనుంచి ఏ దారి చూసినా సులువుగానే ఉన్నట్టుంటుంది. గుర్తులు తప్పి రెండు బారలు పక్కకు దిగావా, కాసేపటికి కాళ్ల కింద ఏటవాలు పెరుగుతుంది. పెరిగిందని తెలిసేసరికి మళ్లీ వెనక్కి ఎక్కడం కష్టంగా ఉంటుంది. మందు ఒకటే. ఎక్కేటప్పుడే ప్రతి మలుపులోనూ వెనక్కి తిరిగి చూసుకో. దిగేటప్పుడు ఇక్కణ్నుంచి ఏ చెట్టు ఎటు కనపడాలి, మంచనబెలె డ్యామ్ నీళ్లు ఏ వైపు ఉండాలి, కోటగోడ ఎడమకా కుడికా అని. మొదటిసారి ఇది గుర్తుండదు. నాలుగోసారికి దానంతటదే ఒంటికి పడుతుంది. ఒకే కొండ ఎక్కమని నేను పోరు పెట్టేది ఇందుకు కూడా. దిగేటప్పుడు నీ కాళ్ల కింద ఉన్నది కొత్త దారి కాకూడదు. గుర్తు కనపడకపోతే కిందికి కాదు, చివరిసారి గుర్తు చూసిన చోటికి పైకి పో.

సగం దాటాక కోటగోడలు వస్తాయి. నేను తేల్చుకునే చోటు అదే. నీళ్లు తాగి, ఆకాశం చూసి, ముందుకా వెనక్కా అని అక్కడే నిర్ణయం. ఆ గోడలకు కూడా కథ ఉంది. మాగడి గౌడల చేతిలోంచి 1728లో మైసూరు వాళ్ల చేతికి వచ్చిన దుర్గం ఇది. టిప్పు కాలంలో దీన్ని ఎవరూ పట్టుకోలేరనే పేరుండేది, చుట్టూ అంత అడవి. 1791 డిసెంబరు 21న ఇంగ్లీషువాళ్ల కార్న్‌వాలిస్ సైన్యం పట్టుకుంది. ఎవరికీ లొంగనని మీసాలు తిప్పుకుంటూ కూర్చున్న కోట అది. ఇదే కాలం చూడు, వానలు వెలిసి ఫిరంగులు లాగడానికి నేల గట్టిపడ్డాక వచ్చారు. వాళ్లకూ కాలం చూసుకోక తప్పలేదు.

పదకొండు అయ్యేసరికి ఎక్కడుంటే అక్కణ్నుంచి దిగడం మొదలుపెట్టు. నంది మంటపం పది నిమిషాల దూరంలో ఉన్నా సరే. ఈ నెలల్లో మధ్యాహ్నం మబ్బు పడితే ఉరుము కూడా రావచ్చు, ఆ బట్టబండ మీద తల దాచుకోడానికి చోటు లేదు. దూరాన ఉరుము వినపడితే ఫోటోలు ఆపి దిగు.

జంతువుల గురించి మూడే మాటలు. కొండ తేనెతుట్టెలు నిలువు బండలకు వేలాడుతుంటాయి. సెంటు పూసుకుని పోకు, కేకలు వెయ్యకు, నీ దగ్గర డ్రోన్ లాంటిదేమైనా ఉంటే ఇంట్లో పెట్టు. ఈగలు చుట్టూ తిరగడం మొదలుపెడితే చేతులు విసరకుండా తలా మెడా తువ్వాలుతో కప్పుకుని ఆ చోటు దాటిపో. కోతులకు ప్లాస్టిక్ కవరు కనపడకూడదు. చలి పొద్దుల్లో రక్తపింజరి గడ్డి అంచున ఎండకు పడుకుని ఉంటుంది, నెర్రెలోకి చెయ్యి పెట్టే ముందు తొంగిచూడు. ఏమైనా అయితే 112. ఎవరో ఒకరికి ఎన్నింటికి దిగుతానో చెప్పి పో.

తోడు లేకుండా పోవద్దు. అలాగని ఆఫీసు బృందాన్నంతా వెంటేసుకుని పోవద్దు. ఇద్దరు ముగ్గురు చాలు, అందులో నెమ్మదైనవాడిది నాయకత్వం. పాటలపెట్టె తెచ్చేవాణ్ని కిందే గుడి దగ్గర కూర్చోబెట్టు. గొంతు పసుపుగా ఉండే పిగిలిపిట్ట ఒకటి ఉంది, ఇలాంటి రాతికొండల మీద తప్ప కనపడదు, ప్రపంచంలో మన దక్షిణాదిలోనే ఉంది. పెట్టె మోగే చోట దాన్ని నువ్వు చూడబోవు.

తిండికి కార్తీకం ఆఖరి సోమవారం వచ్చే కడలెకాయి పరిషెకు, అంటే చెనక్కాయల జాతరకు రా. బసవనగుడి దొడ్డ బసవన్న గుడి ముందు రోడ్డంతా చెనక్కాయల రాసులే. అక్కడ మన అనంతపురం వైపు కాయ ఏదో, తమిళ కాయ ఏదో నాకు చూపించాల్సిన పని లేదు, ఒలిచి నోట్లో వేసుకుంటే చెప్తాను. రెండు శేర్లు కొని వేయించి పెట్టుకుంటే సంక్రాంతి దాకా నీ కొండ తిండి అదే, బెల్లంముక్కతో. ఉడకబెట్టినవి మాత్రం తీసుకుపోకు, పులుస్తాయి. నీళ్లు తలకు మూడు లీటర్లు. చలిగా ఉంది, దప్పిక కాదు అంటావు. దిగేటప్పుడు అవుతుంది.

మూడో వారమో నాలుగో వారమో విసుగొస్తుంది. అదే గుడి, అదే మెట్టబండ, అదే మంటపం అనిపిస్తుంది. ఆ వారం తప్పకుండా పో. పోయిన వారం నువ్వు చుట్టు తిరిగి వచ్చిన నల్ల చార ఎండి సన్నబడి ఉంటుంది, బండ మీది దొనలో నీళ్లు బెత్తెడు దిగి ఉంటాయి, బిల్లుడు చెట్ల కింద ఆకు పడి దారి కొంచెం మారి ఉంటుంది. ఫోన్లో రెండు ముక్కలు రాసుకో: వాన ఎప్పుడు పడింది, బండ ఎన్నింటికి ఆరింది, ఎక్కడ వెనక్కి తిరిగావు. నెల తిరిగేసరికి శనివారం రాత్రి వాన చూసి, ఆదివారం పోవచ్చో లేదో ఇంట్లో కూర్చునే చెప్పగలుగుతావు. దిగాక ఉక్కగా ఉందని మంచనబెలె నీళ్లలో మాత్రం దిగకండి. అక్కడ ప్రాణాలు పోయినవాళ్లున్నారు, ఈత వచ్చినవాళ్లు కూడా.

నువ్వు వైట్‌ఫీల్డ్ నుంచి తెల్లారి బయలుదేరితే ఊరు దాటేసరికే ఎండెక్కుతుంది. శనివారం రాత్రికే ఇక్కడికి వచ్చెయ్. రాగిసంగటి, చెనక్కాయ చట్నీ చేస్తాను. బూట్లు రెండు జతలూ పట్టుకురా, అడుగు చూసి ఏది పనికొస్తుందో చెప్తాను. స్నేహితుణ్ని తెస్తే ముందే ఫోన్ చెయ్యి, పరుపు దింపించాలి.

ఇట్లు,
నీ అత్త